పోలీసు ఉద్యోగం ముగిశాక ఆరోగ్య బీమా ఎవరిది? మన కుటుంబాలు తెలుసుకోవలసిన సంగతులు



మన పిల్లలంటే డాక్టర్లు, ఇంజనీర్లే అన్న రోజులు మారుతున్నాయి. న్యూజెర్సీలోని మన తెలుగు కుటుంబాల నుంచి కూడా పిల్లలు పోలీసు అకాడమీలకు, షెరిఫ్ ఆఫీసులకు, ఫెడరల్ సంస్థలకు దరఖాస్తులు పెడుతున్నారు. ఈ ఏడాది మన సేవా బృందం ఆదివారం నడిపే సహాయ బల్ల దగ్గరికి ఇద్దరు తల్లిదండ్రులు ఇదే విషయం మీద వచ్చారు. ఇద్దరూ జీతం గురించి, ప్రమాదం గురించి అడిగారు. ఇరవై ఐదేళ్ల తర్వాత ఏమిటన్న ప్రశ్న ఇద్దరికీ తట్టలేదు.

సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో పని చేసే మనకు బీమా ఉద్యోగంతో వస్తుంది, ఉద్యోగంతో పోతుంది. పోలీసు ఉద్యోగం అలా కాదు. రిటైరయ్యాక కూడా ప్రజాధనంతో నడిచే బీమా కొనసాగే అవకాశం ఉంది. అయితే అది దానంతట అదే కొనసాగదు. కొన్ని కాగితాలు వేళకు నింపాలి, కొన్ని చోట్ల ఒక్క సంతకంతో భార్య లేదా భర్త బీమా శాశ్వతంగా పోతుంది. పైగా ఈ ఖర్చులో ఒక భాగం మన ఇంటి పన్ను బిల్లులోనే ఉంటుంది కాబట్టి, ఇంట్లో పోలీసులు లేనివారికీ ఇది తెలియవలసిన విషయమే. మేము లాయర్లం కాము, బీమా ఏజెంట్లం కాము. చదివి అర్థం చేసుకున్నది తెలుగులో చెబుతున్నాం. నిర్ణయం తీసుకునే ముందు మీ పింఛను ఆఫీసులో ఖరారు చేసుకోండి.

యాభైకి, అరవై ఐదుకు మధ్య

అసలు చిక్కు వయసు దగ్గరే ఉంది. పోలీసు పని ఒంటికి పరీక్ష కాబట్టి చట్టాలే వారిని త్వరగా ఇంటికి పంపుతాయి. ఫెడరల్ అధికారులు 20 ఏళ్ల సేవతో 50వ ఏట, లేదా 25 ఏళ్ల సేవతో ఏ వయసులోనైనా పింఛను తీసుకోవచ్చు. 20 ఏళ్ల సేవ పూర్తయినవారు 57వ ఏట సాధారణంగా దిగిపోవలసిందే. న్యూజెర్సీ పోలీసులకు, ఫైర్ సిబ్బందికి ఉన్న పింఛను వ్యవస్థలో 25 ఏళ్ల సేవ ఒక ముఖ్యమైన మైలురాయి.

మెడికేర్ మాత్రం 65కు గాని రాదు. 23వ ఏట చేరిన అబ్బాయి 48కి రిటైరైతే, మధ్యలో 17 ఏళ్లు. ఆ ఏళ్లలోనే పిల్లల కాలేజీలు, మోకాళ్ల ఆపరేషన్లు, రక్తపోటు మందులు అన్నీ వస్తాయి. కోబ్రా చట్టం కింద పాత బీమాను డబ్బు కట్టి ఉంచుకోవచ్చు గానీ, ఉద్యోగం ముగిసినప్పుడు అది సాధారణంగా 18 నెలలకే. అందులో ప్రీమియం మొత్తం మనమే కట్టాలి, దాని మీద 2 శాతం వరకు అదనం. ఆ తర్వాత మార్కెట్‌ప్లేస్‌లో సొంతంగా కొనుక్కోవడమే. యాభై దాటిన రిటైర్డ్ పోలీసులు మెడికేర్‌ను ముందే కొనుక్కునే వీలు కల్పించాలని కాంగ్రెస్‌లో బిల్లులు వచ్చాయి గానీ చట్టం కాలేదు.

కాబట్టి రిటైర్డ్ పోలీసు బీమా అన్న మాటకు అసలు అర్థం, ఈ మధ్య ఏళ్లను ఎవరు దాటిస్తారన్నదే.

ఫెడరల్ అధికారులైతే

ఎఫ్‌బీఐ, డీఈఏ, బోర్డర్ పెట్రోల్, ఫెడరల్ జైళ్ల శాఖ వంటి చోట్ల పని చేసేవారికి ఫెడరల్ ఉద్యోగుల ఆరోగ్య బీమా పథకం ఉంది. 1959 చట్టంతో వచ్చి 1960 నుంచి నడుస్తోంది. ఇందులో ప్రభుత్వ వాటా సగటు ప్రీమియంలో 72 శాతం, అయితే ఏ ప్లాన్‌కైనా ఆ ప్లాన్ ధరలో 75 శాతం మించదు. రిటైరైనవారికీ ఇదే వాటా. అంటే యాభైలో ఇంటికి వచ్చినా, పనిలో ఉన్నవారితో సమానంగా ప్రభుత్వం కడుతూనే ఉంటుంది.

దీనికి రెండు షరతులు ఉన్నాయి.

మొదటిది ఐదేళ్ల నియమం. రిటైరయ్యే నాటికి వెనకటి ఐదేళ్లు ఎడతెగకుండా ఈ పథకంలో ఉండాలి. సొంత బీమా తీసుకున్నా సరే, భార్య ఫెడరల్ ఉద్యోగి అయితే ఆమె బీమా కింద ఉన్నా సరే. మన ఇళ్లలో ఒక అలవాటు ఉంది. భార్యాభర్తల్లో ఎవరి కంపెనీ బీమా బాగుంటే దాంట్లోకి అందరూ చేరిపోతారు. ఒక ఫెడరల్ అధికారి తన బీమా వదిలేసి భార్య ప్రైవేటు కంపెనీ బీమాలో పదేళ్లు ఉండి, రిటైర్మెంట్‌కు రెండేళ్ల ముందు తిరిగి చేరితే ఐదేళ్లు నిండవు. నెలకు వంద డాలర్లు ఆదా చేయబోయి జీవితకాలపు బీమా పోగొట్టుకున్నట్టే.

రెండోది భాగస్వామికి సంబంధించినది. అధికారి కన్నుమూసిన తర్వాత భార్య లేదా భర్తకు బీమా కొనసాగాలంటే రెండూ ఉండాలి. ఆ నాటికి వారి పేరు బీమాలో ఉండాలి, వారికి భాగస్వామి పింఛను ఏర్పాటు అయి ఉండాలి. నేటి ఫెడరల్ పింఛను విధానంలో రిటైరయ్యేటప్పుడు భాగస్వామికి సగం పింఛను రాసిస్తే తన పింఛనులో 10 శాతం తగ్గుతుంది. పావు వంతు రాసిస్తే 5 శాతం తగ్గుతుంది. ఏమీ రాయకపోతే పూర్తి పింఛను చేతికి వస్తుంది. అందుకు భార్య నోటరీ ముందు ఒప్పుకుంటూ సంతకం చేయాలి.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. మన ఇళ్లలో ఎంతోమంది అమ్మలు ఆయన చూపించిన చోట సంతకం పెట్టేస్తారు. ఆ సంతకంతో పోయేది పింఛను ఒక్కటే కాదు, ఆయన తర్వాత ఆమె ఆరోగ్య బీమా కూడా. సొంతంగా ఫెడరల్ ఉద్యోగం లేని గృహిణికి ఆ వయసులో మరో దారి దొరకడం కష్టం. పావు వంతు పింఛను రాసినా బీమా దారి తెరిచే ఉంటుంది. కనుక ఆ కాగితం ఇంటికి వచ్చిన రోజు ఇద్దరూ కూర్చుని చదవండి.

మన న్యూజెర్సీ పట్టణాల్లో

రాష్ట్రంలో 564 మునిసిపాలిటీలు ఉన్నాయి. పోలీసు ఉద్యోగం ఒకటే అయినా, రిటైరయ్యాక దక్కేది పట్టణాన్ని బట్టి మారుతుంది. 1974లో వచ్చిన ఒక రాష్ట్ర చట్టం ప్రకారం, రాష్ట్ర ఆరోగ్య బీమా పథకంలో ఉన్న పట్టణం ఒక తీర్మానం చేసి రిటైరైనవారి ప్రీమియం తానే కట్టవచ్చు. కట్టి తీరాలని లేదు. తీర్మానం చేసిన పట్టణం ఉంది, చేయనిదీ ఉంది. కొన్ని పట్టణాలు యూనియన్‌తో చేసుకున్న ఒప్పందంలోనే ఈ విషయం రాసుకుంటాయి.

తీర్మానం లేని పట్టణాల్లో రిటైరైనవారిని దృష్టిలో పెట్టుకుని 1997లో 330వ అధ్యాయంగా పిలిచే చట్టం వచ్చింది. 25 ఏళ్ల సేవతో గానీ, వైకల్యం వల్ల గానీ రిటైరై, పట్టణం నుంచి బీమా అందని పోలీసులకు, ఫైర్ సిబ్బందికి ప్రీమియంలో ఎక్కువ భాగం రాష్ట్రమే భరిస్తుంది. తర్వాత 2011 జూన్‌లో 78వ అధ్యాయం వచ్చింది. ఆ నాటికి 20 ఏళ్ల సేవ నిండనివారు, రిటైరయ్యాక తమ పింఛను నుంచి బీమాకు కొంత వాటా కట్టాలన్నది అందులో ఒక అంశం. ఇటీవలి ఏళ్లలో స్థానిక ప్రభుత్వాల బీమా ప్రీమియంలు రెండంకెల శాతాల్లో పెరిగాయి. వాటా శాతం మారకపోయినా చేతి నుంచి పోయే డబ్బు పెరుగుతోంది.

సహాయ బల్ల దగ్గరికి వచ్చిన ఒక అబ్బాయికి రెండు పక్క పక్క పట్టణాల్లో ఉద్యోగం వచ్చేలా ఉంది. ఒక దాంట్లో జీతం కొంచెం ఎక్కువ. రెండో పట్టణం ఒప్పందం తెప్పించి చదివితే, 25 ఏళ్ల తర్వాత కుటుంబం మొత్తానికి బీమా పట్టణమే కడుతుందని ఉంది. మొదటి దాంట్లో ఆ మాటే లేదు. ఏది ఎంచుకోవాలో మేము చెప్పలేదు. రెండు ఒప్పందాలూ పక్కపక్కన పెట్టి చూపించాం. ఇవి ప్రజా పత్రాలే కాబట్టి పట్టణ క్లర్కు ఆఫీసులో అడిగితే ఇస్తారు.

ఇచ్చిన మాట ఎంత గట్టిది?

పింఛనుకు, ఆరోగ్య బీమాకు ఒక తేడా ఉంది. పింఛను కోసం ఏళ్ల తరబడి ఒక నిధిలో డబ్బు వేస్తారు. ఆరోగ్య బీమాకు చాలా చోట్ల అలాంటి నిధి ఉండదు. ఏ ఏటి ఖర్చు ఆ ఏటి బడ్జెట్‌లోంచే. ఈ బాకీ ఎంతో లెక్క కట్టి చూపాలని ప్రభుత్వ లెక్కల ప్రమాణాల బోర్డు 2004లో నియమం పెట్టింది. 2015లో వచ్చిన కొత్త ప్రమాణం ఆ బాకీని ఆస్తి అప్పుల పట్టీలోనే చూపమంది. అప్పుడు గాని చాలా పట్టణాల పౌరులకు అది ఎంత పెద్దదో తెలియలేదు.

నిధి లేని హామీ ఏమవుతుందో డెట్రాయిట్ చూపించింది. 2013 జూలైలో ఆ నగరం దివాలా పిటిషన్ వేసింది. రిటైరైన పోలీసులు, ఫైర్ సిబ్బంది, ఇతర ఉద్యోగుల ఆరోగ్య బీమా హామీల విలువ సుమారు 430 కోట్ల డాలర్లని లెక్క తేలింది. చివరికి వాటికి బదులు సుమారు 45 కోట్ల డాలర్ల విలువైన బాండ్లు రెండు ట్రస్టులకు ఇచ్చారు. పోలీసుల మూల పింఛనులో కోత పడలేదు, ఏటా పెరిగే భాగం సగానికి పైగా తగ్గింది. బీమా మాత్రం దాదాపు పది వంతుల్లో తొమ్మిది వంతులు పోయింది.

ఇల్లినాయ్‌లో ఇందుకు భిన్నంగా జరిగింది. అక్కడి రాజ్యాంగం పింఛను ప్రయోజనాలను తగ్గించకూడదంటుంది. రిటైరైన రాష్ట్ర ఉద్యోగుల ఆరోగ్య బీమా సబ్సిడీకీ ఆ రక్షణ వర్తిస్తుందని రాష్ట్ర సుప్రీంకోర్టు 2014లో తీర్పు చెప్పింది. ఇక న్యూజెర్సీలో, 2011 చట్టం పింఛను మీద ఏటా ఇచ్చే ధరల పెరుగుదల భత్యాన్ని నిలిపివేస్తే, మన రాష్ట్ర సుప్రీంకోర్టు 2016లో దాన్ని సమర్థించింది. ఒకే దేశంలో, ఒకే రకం ఉద్యోగానికి, ఇచ్చిన మాట బలం రాష్ట్రాన్ని బట్టి ఇంతలా మారుతోంది.

ఇందులో మనం రెండు వైపులా ఉన్నాం. ఇంటి పన్ను కట్టేవాళ్లుగా బిల్లు పెరిగితే బాధ. మరి పాతికేళ్లు రాత్రి డ్యూటీలు చేసినవారికి అప్పుడు ఇచ్చిన మాట ఇప్పుడు తప్పితే, ఆ నష్టం పూడ్చుకునే వయసు వారికి ఉండదు. కొత్తగా చేరేవారికి షరతులు ముందే స్పష్టంగా చెప్పడం వేరు, నమ్మి చేరినవారికి మధ్యలో మార్చడం వేరు. పట్టణ బడ్జెట్ సమావేశాలకు మనవాళ్లు వెళ్లేది తక్కువ. వెళ్లినప్పుడు రిటైరైనవారి బీమా బాకీ ఎంత, దానికి నిధి ఉందా అని ఒక్క ప్రశ్న అడిగినా మంచిదే.

అరవై ఐదు వచ్చాక

మెడికేర్ వచ్చాక సాధారణంగా అదే ముందు చెల్లిస్తుంది, రిటైర్మెంట్ బీమా ఆ తర్వాత మిగిలినది చూస్తుంది. న్యూజెర్సీ రాష్ట్ర పథకంలో ఉన్న రిటైరీలు అర్హత రాగానే మెడికేర్ రెండు భాగాలూ, అంటే ఆసుపత్రి ఖర్చు చూసే పార్ట్ ఏ, డాక్టరు ఖర్చు చూసే పార్ట్ బీ తీసుకోవాలి.

చాలామంది ఇక్కడే పొరబడతారు. బీమా ఉంది కదా, పార్ట్ బీ తర్వాత చూద్దాం అనుకుంటారు. ఆలస్యానికి మినహాయింపు ఇచ్చేది ప్రస్తుతం చేస్తున్న ఉద్యోగం ద్వారా వచ్చే బీమాకే. రిటైర్మెంట్ బీమా, కోబ్రా ఆ లెక్కలోకి రావు. 65వ పుట్టిన నెలకు మూడు నెలల ముందు నుంచి మూడు నెలల తర్వాత వరకు ఏడు నెలల గడువు ఉంటుంది. అది దాటితే ప్రతి 12 నెలల ఆలస్యానికి ప్రీమియం 10 శాతం చొప్పున పెరుగుతుంది, జీవితాంతం. 2025లో పార్ట్ బీ ప్రీమియం నెలకు 185 డాలర్లు. మూడేళ్లు ఆలస్యమైతే దాని మీద నెలకు 55 డాలర్ల 50 సెంట్ల జరిమానా.

1986 ఏప్రిల్ 1కి ముందు చేరిన కొందరు పోలీసులకు మెడికేర్ పన్నే పట్టలేదు. వారికి పార్ట్ ఏ ఉచితంగా రావాలంటే వేరే ఉద్యోగంలో పదేళ్ల లెక్క గానీ, భార్య లేదా భర్త ఉద్యోగం ద్వారా వచ్చే అర్హత గానీ కావాలి.

ఇంకొక మాట. మెడికేర్ సాధారణంగా అమెరికా బయట చికిత్సకు చెల్లించదు. రిటైరయ్యాక చలికాలం హైదరాబాద్‌లోనో విజయవాడలోనో గడుపుదామనుకునేవారు దీన్ని మరవవద్దు. చాలా ఫెడరల్ ప్లాన్లు విదేశీ చికిత్సకు ఎంతో కొంత ఇస్తాయి, ఎంతన్నది ప్లాన్ పుస్తకంలో చూసుకోండి.

పన్నులో 3,000 డాలర్లు

2006 పింఛను రక్షణ చట్టం రిటైర్డ్ పోలీసులకు, ఫైర్, అంబులెన్స్ సిబ్బందికి ఒక సౌకర్యం ఇచ్చింది. ప్రభుత్వ పింఛను పథకం నుంచి వచ్చే డబ్బులో ఆరోగ్య బీమా లేదా దీర్ఘకాల సంరక్షణ బీమాకు కట్టిన ప్రీమియం, ఏడాదికి 3,000 డాలర్ల వరకు ఫెడరల్ ఆదాయ పన్ను నుంచి మినహాయింపు. భార్య, పిల్లల ప్రీమియం కూడా ఇందులో చేర్చవచ్చు. 22 శాతం పన్ను శ్రేణిలో ఉన్నవారికి ఏడాదికి 660 డాలర్ల ఆదా.

మొదట్లో ఆ ప్రీమియం పింఛను ఆఫీసే నేరుగా బీమా కంపెనీకి కట్టాలన్న షరతు ఉండేది. 2022 డిసెంబర్ 29న వచ్చిన చట్టంతో ఆ షరతు తీసేశారు. ఇప్పుడు మనమే కట్టినా మినహాయింపు వర్తిస్తుంది. వైకల్యం వల్ల గానీ, పథకం నిర్ణయించిన సాధారణ రిటైర్మెంట్ వయసు చేరి గానీ రిటైరైనవారికే ఇది. పన్ను ఫారంలో పింఛను వరుస దగ్గర పీఎస్‌ఓ అని గుర్తు పెట్టాలి. ఇదే ప్రీమియాన్ని వైద్య ఖర్చుల కింద మళ్లీ చూపకూడదు. అధికారి మరణించాక భాగస్వామికి ఈ మినహాయింపు ఉండదు. పింఛను ఆఫీసు పంపే 1099 కాగితంలో ఈ మినహాయింపు సాధారణంగా కనిపించదు కాబట్టి, పన్ను లెక్క వేసే అకౌంటెంటుకు మనమే గుర్తు చేయాలి.

సెప్టెంబర్ 11 ఆరోగ్య పథకం

న్యూయార్క్ పోలీసు డిటెక్టివ్ జేమ్స్ జడ్రోగా శిథిలాల దగ్గర పని చేసి, ఊపిరితిత్తుల జబ్బుతో 2006 జనవరిలో మరణించారు. ఆయన పేరు మీద వచ్చిన చట్టం మీద 2011 జనవరి 2న సంతకం జరిగింది. ఆ చట్టంతో వచ్చిన వరల్డ్ ట్రేడ్ సెంటర్ ఆరోగ్య పథకాన్ని 2015లో 2090 వరకు పొడిగించారు. ఆ నాటి సహాయ సిబ్బందికి, రిటైరైనవారితో సహా, పథకం గుర్తించిన జబ్బులకు చేతి ఖర్చు లేకుండా చికిత్స అందుతుంది.

ఇది పోలీసులకు మాత్రమే కాదు. ఆ రోజుల్లో మన్‌హట్టన్‌లో హ్యూస్టన్ వీధికి దక్షిణాన ఉద్యోగం చేసినవారు, ఉన్నవారు, చదివినవారు కూడా నిర్ణీత షరతుల మేరకు అర్హులే. 2001లో వాల్ స్ట్రీట్ కంపెనీల్లో ప్రాజెక్టులు చేసిన తెలుగు వాళ్లు మన సభ్యుల్లోనే ఉన్నారు. అప్పటి నుంచి దగ్గు, సైనస్, ఆస్తమా వదలనివారు ఉంటే ఒకసారి విచారించండి.

అక్కడ మన నాన్నలు

తెలుగు రాష్ట్రాల్లో పోలీసు శాఖలో పని చేసి రిటైరైన తల్లిదండ్రులు మనలో చాలామందికి ఉన్నారు. సర్వీసులో ఉన్న పోలీసులకు ఆరోగ్య భద్రత పథకం ఉంది. ప్రభుత్వ ఉద్యోగులకు, పింఛనుదారులకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2013లో ఉద్యోగుల ఆరోగ్య పథకం మొదలైంది. కుటుంబ పింఛను తీసుకునేవారూ దాని పరిధిలోకి వస్తారు. సీఆర్‌పీఎఫ్ వంటి కేంద్ర బలగాల్లో చేసినవారు పదేళ్ల చందా ఒకేసారి కట్టి కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య పథకం కార్డు జీవితకాలానికి తీసుకోవచ్చు.

ఈసారి ఇంటికి వెళ్లినప్పుడు ఒక పని చేయండి. నాన్నగారి హెల్త్ కార్డులో, పింఛను పత్రంలో అమ్మ పేరు, పుట్టిన తేదీ, ఆధార్ వివరాలు ఒకేలా ఉన్నాయో లేదో చూడండి. తేడా ఉంటే నాన్నగారు ఉండగా సరిచేసుకోవడం సులువు. ఈ కార్డులు అమెరికాలో పనికిరావు. గ్రీన్ కార్డు మీద వచ్చిన తల్లిదండ్రులు 65 నిండి, ఇక్కడ ఐదేళ్లు ఎడతెగకుండా నివసించాక మెడికేర్ డబ్బు కట్టి కొనుక్కోవచ్చు. ఇక్కడ పని లెక్క ఏమీ లేకపోతే 2025లో పార్ట్ ఏకే నెలకు 518 డాలర్లు అయ్యేది, పార్ట్ బీ అదనం.

ఉద్యోగంలో చేరే ముందు, దిగే ముందు అడగవలసినవి

1. రిటైరయ్యాక బీమా ఎవరు కడతారు? పట్టణమా, రాష్ట్రమా, మనమా? అది తీర్మానంలో ఉందా, ఒప్పందంలో ఉందా?
2. ఎన్నేళ్ల సేవ కావాలి? మధ్యలో ఉద్యోగం మారితే పాత సేవ లెక్కకు వస్తుందా?
3. కుటుంబానికి కూడా వస్తుందా, ఒక్కరికేనా?
4. అధికారి తర్వాత భార్య లేదా భర్తకు బీమా ఉంటుందా? అందుకు ఏ కాగితం మీద సంతకం కావాలి?
5. 65 వచ్చాక ఏ తేదీలోగా మెడికేర్‌లో చేరాలి?
6. ప్రీమియం పెరిగితే పెరిగిన భాగం ఎవరిది?

జవాబులు నోటి మాటగా కాకుండా కాగితం మీద తీసుకోండి. ఆ కాగితాలు పాస్‌పోర్టులు దాచే చోటే దాచండి, ఎక్కడ ఉన్నాయో ఇంట్లో ఇద్దరికీ తెలియాలి. చదివి అర్థం కాకపోతే ఆదివారం అర్చన తర్వాత ప్రసాదం హాలులో ఉండే మా బల్ల దగ్గరికి తీసుకురండి. మీ వివరాలు మేము రాసుకోము, నకళ్లు ఉంచుకోము. కూర్చుని మీతో పాటు చదువుతాం. వచ్చే సంచికలో దీర్ఘకాల సంరక్షణ బీమా గురించి రాస్తాం. దాని మీద మీ ప్రశ్నలు ఉంటే ముందుగా పంపండి.

— ఆలయ సేవా బృందం